నెల్లూరు జిల్లాలో సామాజిక సేవా సహాయకులుగా చేరాలంటే

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో క్షేత్ర కార్యకర్త పోస్టుకు ఇంటర్ చాలు. సోషల్ వర్కర్ పోస్టుకు మాత్రం డిగ్రీ కావాలి, సోషల్ వర్క్, సోషియాలజీ వంటి వాటిలో చేసినవారికి ప్రాధాన్యం ఉంటుంది. ఇవి బాలల సంరక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద కాంట్రాక్టు కొలువులు కాబట్టి, జిల్లా వెబ్‌సైటులో ప్రకటనల కోసం చూస్తూనే, ఆలోగా ఏదైనా స్వచ్ఛంద సంస్థలో కొన్ని నెలలు పనిచేయడం మేలు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

యానాది కాలనీలో ఆధార్ లేని బిడ్డకు కార్డు తీయించాలంటే ముందు జనన ధ్రువపత్రం కోసం తిరగాలని, "తుపానుకు నెల ముందు పుట్టినాడయ్యా" అన్న తల్లి మాటను తేదీగా మార్చడానికి (ఫారం నింపడం కన్నా ఇదే కష్టం) ఎంతో ఓపిక కావాలని తెలుస్తుంది. ఆమె మాటలను ఆమె అన్నట్టే నోటుబుక్కులో రాసుకోవాలి. మీ అభిప్రాయాన్ని విడిగా రాయాలి. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే వెంటనే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.