ప్లాస్మా రియాక్టర్ పేటెంట్ గొడవను ఎలా చదవాలి

చిప్‌ల తయారీలో వాడే ప్లాస్మా రియాక్టర్ (గ్యాస్‌ను కరెంటుతో వెలిగించి ప్లాస్మాగా మార్చే మెషీన్) మీద పేటెంట్ కేసు చేతికొస్తే సారాంశం చదివేసి "ఇద్దరిదీ ఒకటే" అని తేల్చకండి. గొడవ చాలాసార్లు ఒక్క మాట దగ్గరే ఆగుతుంది: గ్యాస్‌లోకి పవర్ ఎలా వెళ్తోంది?

ముందు ఆ తేడా అర్థం చేసుకోండి. మొన్న భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ మోటారు విప్పి మా అక్క కూతురికి చూపించాను. రోటర్‌కి కరెంటు తీగ ఒక్కటీ లేదు. "మరి ఎలా తిరుగుతోంది మావయ్యా?" అంది. తీగ చుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు మారుతుంటే అయస్కాంత క్షేత్రం మారుతుంది, అది రోటర్‌లో కరెంటు పుట్టిస్తుంది. రియాక్టర్‌లో రోటర్ స్థానంలో గ్యాస్, దానికీ కాయిల్‌కీ మధ్య క్వార్ట్జ్ పలక, అంతే. ఇది ఇండక్టివ్. అలా కాకుండా గ్యాస్‌ను రెండు ప్లేట్ల మధ్య పెట్టి వోల్టేజితో నడిపితే కెపాసిటివ్. రెండింటికీ మామూలుగా వాడేది 13.56 మెగాహెర్ట్జ్ కరెంటే.

అసలు చిక్కు ఇక్కడుంది: కాయిల్ పెట్టినంత మాత్రాన అది పూర్తిగా ఇండక్టివ్ అయిపోదు. కాయిల్ కొసల్లో వోల్టేజి ఎక్కువ కాబట్టి అది ప్లేటులా కూడా పనిచేస్తుంది. పవర్ తక్కువగా ఉన్నప్పుడు వెలుగు మసకగా ఉంటుంది, అది కెపాసిటివ్ దశ. పెంచుకుంటూ పోతే ఒక చోట ఉన్నట్టుండి ధగ్గుమంటుంది, అక్కడి నుంచి ఇండక్టివ్. 1884లో హిటార్ఫ్ కాయిల్‌తో గ్యాస్‌ను వెలిగించిన తర్వాత, అది ఏ రకమో అని శాస్త్రవేత్తలే దశాబ్దాలు వాదించుకున్నారు. అందుకే కోర్టులో ఎవరైనా కొలత చూపిస్తే, అది ఎంత పవర్ దగ్గర తీశారో ముందు అడగండి. కాయిల్ కింద ఫారడే షీల్డ్, అంటే చీలికలున్న లోహపు తెర, ఉందా అన్నదీ చూడండి, అది కెపాసిటివ్ వాటాను బాగా తగ్గిస్తుంది.

ఇక కాగితం. పేటెంట్ దేనిమీద హక్కు అడుగుతోందో చెప్పే వాక్యమే క్లెయిమ్; ఇంకో క్లెయిమ్ మీద ఆధారపడనిది స్వతంత్ర క్లెయిమ్. దాన్ని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కా ఒక్కో వరుసలో రాయండి, ఎదురుగా అవతలివాళ్ల మెషీన్‌లో అది ఎక్కడుందో రాయండి. ఒక్క ముక్క లేకపోయినా అక్షరాలా ఉల్లంఘన అనలేం. అమెరికాలో అయితే సమానమైనదే వాడారనే వాదన ఇంకా మిగులుతుంది. తర్వాత పేటెంట్ ఆఫీసు ఫైలు తెప్పించి, పేటెంట్ కోసం దరఖాస్తుదారు ఏ అర్థం వదులుకున్నాడో చూడండి, కేసు తిరగబడేది చాలాసార్లు అక్కడే.

మన దగ్గర పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మంజూరు ప్రకటన వచ్చాక ఏడాదిలోపు అభ్యంతరం వేయొచ్చు, మన ఆంధ్రకు చెన్నై ఆఫీసు.

సాధనకి 1990లో లామ్ రీసెర్చ్‌కి వచ్చిన అమెరికా పేటెంట్ 4,948,458 తీసుకోండి. మా అమ్మాయి దాని క్లెయిమ్‌నే ఇలా ముక్కలుగా విడగొట్టింది. కాయిల్ "సమతలంగా" ఉండాలన్న చోట రెండు గీతలు గీసి, గొట్టం చుట్టూ చుట్టిన కాయిల్ దీని కిందకి వస్తుందా అని పక్కన రాసుకుంది.