బోయింక్ నడిపే ఇళ్లకు ఎండాకాలం జాగ్రత్తలు

విజయవాడలో మా బంధువుల అబ్బాయి ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయిన వారం ఉబ్బిపోయింది. టచ్‌ప్యాడ్ ఒక మూల పైకి లేచింది, మూత సరిగా పడటం లేదు. శాస్త్రవేత్తల లెక్కలను ఇళ్లలోని కంప్యూటర్లతో చేయించే ప్రోగ్రామ్ బోయింక్; అందులోని ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు కోసం పగలూ రాత్రీ లెక్కలు చేస్తున్న యంత్రం అది. "ఎండలు ముదరకముందే పనులను సగానికి తగ్గించాను బాబాయ్" అన్నాడు. తగ్గించిన మాట నిజమే, కానీ ప్రాజెక్టు వెబ్‌సైటులో తన ఖాతాలోకి వెళ్లి తగ్గించాడు. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎనిమిది పనులకు ఎనిమిదీ నడుస్తున్నాయి.

గాలి తగిలే చోట పెట్టండి, దుమ్ము దులపండి అని ఎవరైనా చెబుతారు. కానీ నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్లే జరిగాయి. బోయింక్ సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి: వెబ్‌సైటులో ఒకటి, మీ కంప్యూటర్‌లో మరొకటి. కంప్యూటర్‌లో ఒక్కసారి మార్చి భద్రపరిస్తే ఇక అక్కడ చెల్లేది అదే. ఎప్పుడో డిస్కులో చోటు తగ్గించడానికి కంప్యూటర్‌లోని సెట్టింగుల పెట్టె తెరిచి సేవ్ నొక్కి ఉంటారు, తరువాత మరిచిపోతారు. ఆ రోజు నుంచి వెబ్‌సైటులో ఎన్ని అంకెలు మార్చినా ఈ యంత్రం పట్టించుకోదు. మార్చిన అంకె ఈ యంత్రంలో చెల్లలేదని విడిగా హెచ్చరిక రాదు, అందుకే ఇంతమంది మోసపోతున్నారు.

తేల్చుకోవడం కష్టం కాదు. టూల్స్ మెనూలో ఈవెంట్ లాగ్ తెరవండి. ప్రోగ్రామ్ మొదలైనప్పటి వరుసల్లో 'రీడింగ్ ప్రిఫరెన్సెస్ ఓవర్‌రైడ్ ఫైల్' అని కనిపిస్తే కంప్యూటర్‌లోని సెట్టింగే నడుస్తున్నట్టు. అప్పుడు అక్కడే మార్చండి, లేదా ఆప్షన్స్‌లోని కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ పెట్టెలో 'యూజ్ వెబ్ ప్రెఫ్స్' నొక్కి వెబ్‌సైటుకే వదిలేయండి. అలా వదిలినా, మీ కంప్యూటర్ ఆ ప్రాజెక్టును పలకరించే వరకు కొత్త అంకె చేరదు. ప్రాజెక్ట్స్ పట్టీలో అప్‌డేట్ నొక్కండి. ఖాతాలో హోమ్, వర్క్, స్కూల్ అని విడివిడి సెట్టింగులు పెట్టుకున్నవారు ఈ యంత్రం దేని కింద ఉందో కూడా చూసుకోవాలి. చివరికి టాస్క్స్ పట్టీలో ఎన్ని పనులు నడుస్తున్నాయో కళ్లతో లెక్కపెట్టండి. వెబ్‌సైటులోని అంకెను కాదు, నడుస్తున్న పనులను నమ్మండి.

ఇక ఏ అంకె తగ్గించాలి? శాతాలు రెండుంటాయి. ఒకటి ప్రాసెసర్ల సంఖ్యను తగ్గిస్తుంది: ఎనిమిది ఉన్నచోట 50 పెడితే నాలుగు పనులే నడుస్తాయి. రెండోది సమయాన్ని కోస్తుంది: కాసేపు పూర్తి వేగం, కాసేపు విరామం. ఫ్యాను ఎగిసి పడుతూ ఉంటుంది, వేడి కుదురుగా ఉండదు. మొదటిదే తగ్గించండి. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు దాటే రోజుల్లో ల్యాప్‌టాప్‌కు 25 శాతం చాలు. పగలంతా ఆపేసి, రోజువారీ వేళల్లో రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు వరకు మాత్రమే పెట్టుకుంటే ఇంకా మంచిది.

ప్రాసెసర్ల సంఖ్య తగ్గిస్తే గ్రాఫిక్స్ కార్డు చల్లబడదు, దాని పని దానిదే. యాక్టివిటీ మెనూలో జీపీయూను, అంటే గ్రాఫిక్స్ కార్డును, విడిగా ఆపాలి.

కరెంటు కోతల సంగతి. 'బ్యాటరీ మీద ఉంటే ఆపు' అన్న గడికి టిక్కు పెట్టి నిశ్చింతగా ఉండకండి. ఛార్జరు ఇన్వర్టర్ లైనులో ఉంటే, కోత పడిన సంగతి ల్యాప్‌టాప్‌కు తెలియదు, మామూలు కరెంటే అనుకుంటుంది. ఫ్యానుకూ లైటుకూ దాచుకున్న బ్యాటరీని లెక్కలు తాగేస్తాయి. ఆ ప్లగ్గును ఇన్వర్టర్ లేని లైనుకు మార్చండి.

బిల్లు చూసుకోండి. రోజంతా నడిచే డెస్క్‌టాప్ అదనంగా 100 వాట్లు లాగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. స్లాబు మారిపోవచ్చు.

మూలనున్న గుర్తు నొక్కి కిటికీ మూస్తే పని ఆగదు. ఫైల్ మెనూలో ఎగ్జిట్ నొక్కండి, నడుస్తున్న పనులనూ ఆపమనండి. ఆ తరువాతే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టండి.

పరుపు మీద నడపవద్దు.

పనుల నిల్వ ఒక రోజుకు మించి పెట్టుకోవద్దు. నిల్వ ఎక్కువుంటే, పగలు ఆపినప్పుడు గడువులు తప్పవచ్చు, మీరు చేసిన లెక్క ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది.

వాతావరణ అంచనాల ప్రాజెక్టు క్లైమేట్‌ప్రెడిక్షన్ ఇచ్చేలాంటి దీర్ఘమైన పనులు కోతలున్న ఇంట్లో మొదలుపెట్టవద్దు.

4 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో, ఆగిన పనులను మెమరీలోనే ఉంచే గడికి టిక్కు తీసేయండి.

గ్రహాంతర జీవులను వెతికే ప్రాజెక్టు సెటి ఎట్ హోమ్ 2020 మార్చిలోనే పని పంపడం ఆపేసింది. ఇంకా జాబితాలో ఉంటే తొలగించండి.

బోయింక్‌ను దాని అధికారిక సైటు నుంచి తప్ప మరెక్కడి నుంచీ దించుకోవద్దు.

ఆఫీసు కంప్యూటర్‌లో రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టవద్దు. అమెరికాలోని జార్జియాలో ఇలాంటి సాఫ్ట్‌వేరునే కళాశాల కంప్యూటర్లలో పెట్టిన ఉద్యోగి మీద క్రిమినల్ కేసు పెట్టారు. 2002లో నష్టపరిహారంతో, ప్రొబేషన్‌తో బయటపడ్డాడు.

బ్యాటరీ ఉబ్బినట్టు అనుమానం వస్తే వెంటనే ఛార్జరు పీకండి. యంత్రం ఆపండి. నొక్కవద్దు, గుచ్చవద్దు, మూత బలవంతంగా మూయవద్దు. సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లండి.

కొత్త బ్యాటరీ వేయించాక, బోయింక్ తెరిచిన మొదటి నిమిషంలోనే ఈవెంట్ లాగ్ చూడండి. సెట్టింగు కంప్యూటర్‌లోదా, వెబ్‌సైటుదా?