దోమల సర్వేతో ప్రజారోగ్య పాఠం: అధ్యాపకులకు కొన్ని సూచనలు

దోమల బెడదను అంకెల్లో కొలిచే హౌస్ ఇండెక్స్, కంటైనర్ ఇండెక్స్, బ్రెటో ఇండెక్స్ వంటి సూచీలను ముందే నిర్వచించి చెబితే డిగ్రీ విద్యార్థులు వాటిని పరీక్ష వరకే గుర్తుంచుకుంటారు. అందుకే నిర్వచనాలను వెనక్కి నెట్టి, ముందుగా బస్తీకి తీసుకువెళ్లాలి. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది హైదరాబాద్‌లోని బేగంపేటలోనే; ఆ ఊళ్లో చదివి కూడా దోమ లార్వాను (నీళ్లలో పెరిగే దోమ పిల్లను) కళ్లారా చూడకుండా పట్టా పుచ్చుకోవడం ఏమంత బాగుండదు.

వానాకాలంలో వెళ్లడం మంచిది. మున్సిపల్ కీటక విభాగానికీ దగ్గరలోని బస్తీ దవాఖానాకూ ముందుగా తెలియజేసి, ఆశా కార్యకర్తను వెంట ఉంచుకోవాలి. ముగ్గురేసి విద్యార్థులను ఒక జట్టుగా చేసి, పాతబస్తీ వైపు వెళ్తే జట్టుకొకరైనా ఉర్దూ మాట్లాడేవారు ఉండేలా చూడాలి.

డ్రమ్ములో టార్చి వేయగానే లార్వాలు అడుగుకు దిగిపోతాయి కనుక, మూత తీసి చూసి ఏమీ లేవని రాసేయకుండా అవి గాలి కోసం పైకి వచ్చేదాకా ఆగమని చెప్పాలి. నీటి ఉపరితలానికి తలకిందులుగా, ఏటవాలుగా వేలాడేవి ఈడిస్ లేదా క్యూలెక్స్ రకం దోమలవి కావచ్చు. సమాంతరంగా పడుకున్నట్లుండేవి అనాఫిలిస్ రకానివి.

అసలు పాఠం తరగతికి తిరిగి వచ్చాక మొదలవుతుంది. ఇరవై ఇళ్లలో నాలుగింట, నీళ్లున్న యాభై పాత్రల్లో ఆరింట లార్వాలు దొరికాయనుకుందాం. ఆ అంకెలు బోర్డు మీద రాసి, ఈ బస్తీకి ప్రమాదం ఎంతో చెప్పమనాలి. ఎండిన టైరును లెక్కలో చేర్చాలా, నీళ్లు తోడేసిన కూలరు సంగతేమిటి అని వాదించుకోనివ్వాలి. తొందరపడి తీర్పు చెప్పకూడదు. నీళ్లు నిలిచిన పాత్రలనే లెక్కించాలని వారే తేల్చుకున్నాక లార్వాలున్న ఇళ్ల శాతమైన హౌస్ ఇండెక్స్ 20, లార్వాలున్న పాత్రల శాతమైన కంటైనర్ ఇండెక్స్ 12, లార్వాలున్న పాత్రలను వంద ఇళ్లకు లెక్కగట్టే బ్రెటో ఇండెక్స్ 30 అని చూపితే, మూడు సూచీలు ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

“ఆంటీ, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందండీ?” అన్న ప్రశ్న సర్వే ఫారంలో తప్పక ఉండాలి. నీళ్లు రోజూ రానిచోట డ్రమ్ములు నింపుకోవడం నిర్లక్ష్యం కాదని విద్యార్థులకు అప్పుడే అర్థమవుతుంది. ఇంటివారి పేర్లు మాత్రం రాయించకూడదు.

గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి, వారం తరువాత అవే ఇళ్లను మళ్లీ చూడాలి. సూచీ తగ్గలేదని మార్కులు కోయకుండా, ఎందుకు తగ్గలేదో వివరించిన పేరాను బట్టి మార్కులు వేయాలి.