మిల్లు ఆఫీసు మెయిల్, ఫైళ్లు క్లౌడ్‌లోకి మార్చడం ఎలా?

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లోనూ, నల్లగొండ ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లోనూ ఇప్పటికీ చాలాచోట్ల ఒకే ఉచిత జీమెయిల్ నడుస్తుంటుంది. దాని పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు. ఫైళ్లన్నీ గుమాస్తా కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఆయన మానేసినా, హార్డ్ డిస్క్ పోయినా పని ఆగిపోతుంది. ఐదారుగురు పనిచేసే ఆఫీసును గూగుల్ వర్క్‌స్పేస్‌లోకి, అంటే ఆఫీసులకు మెయిల్, ఫైళ్ల స్థలం ఇచ్చే గూగుల్ సేవలోకి, ఎలా మార్చుకోవాలో చూద్దాం.

ముందు తేదీ చూసుకోండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు 11, 20 తేదీలు ముఖ్యం కాబట్టి 21 తర్వాత వచ్చే శనివారం సాయంత్రం మంచిది. వడ్లు దిగే సీజన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

1. డొమైన్ ఎవరి చేతిలో ఉంది?

డొమైన్ అంటే మీ వెబ్‌సైట్‌కూ, మెయిల్ అడ్రసులో @ తర్వాతా వచ్చే పేరు. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు దాన్ని తన లాగిన్‌తోనే కొని ఉండొచ్చు. ముందు దాన్ని ఓనర్ పేరు మీదున్న ఖాతాలోకి మార్పించుకోండి. ఇది తేలకుండా మిగతా పని మొదలుపెట్టొద్దు.

2. ఖాతాలు, గ్రూపులు

బిజినెస్ స్టాండర్డ్ ప్లాన్ తీసుకోండి. అందులో షేర్డ్ డ్రైవ్ (ఆఫీసంతా కలిసి వాడే ఫైళ్ల చోటు) ఉంటుంది, తలా 2 టీబీ చొప్పున స్థలం వస్తుంది. మనుషులకు మాత్రమే ఖాతాలు కొనండి. అకౌంట్స్, సేల్స్ లాంటి అడ్రసులకు గ్రూపులు (వచ్చిన మెయిల్ సభ్యులందరికీ చేరే ఉమ్మడి అడ్రసులు) చాలు, వాటికి డబ్బు కట్టనక్కర్లేదు. గ్రూపులో కొలాబరేటివ్ ఇన్‌బాక్స్ ఆన్ చేస్తే ఏ మెయిల్‌కు ఎవరు జవాబివ్వాలో అప్పగించొచ్చు. బయటివాళ్లు కూడా ఈ గ్రూపుకు మెయిల్ పంపేలా అనుమతి ఇవ్వడం మరిచిపోవద్దు. అది ఇవ్వకపోతే పార్టీలు పంపే మెయిళ్లు వెనక్కి పోతాయి, మీకు తెలియను కూడా తెలియదు.

3. ఫైళ్లు

షేర్డ్ డ్రైవ్‌లో పెట్టిన ఫైలు ఆఫీసుది. ఎవరి మై డ్రైవ్‌లోనో (సొంత ఫైళ్ల చోటు) పెడితే అది ఆ మనిషి ఖాతాకే చెందుతుంది. అందుకే కొనుగోళ్లు, అమ్మకాలు, బ్యాంకు, జీతాలు అని వేర్వేరు షేర్డ్ డ్రైవ్‌లు చేయండి. జీతాల డ్రైవ్ ఓనర్‌కు, అకౌంటెంట్‌కు తప్ప ఇంకెవరికీ కనిపించకూడదు. మిగతావాటిలో సిబ్బందికి కంట్రిబ్యూటర్ హోదా ఇస్తే ఫైళ్లు చేర్చగలరు, తీసేయలేరు. గూగుల్ డ్రైవ్ యాప్ పెట్టాక కంప్యూటర్‌లో కనిపించే జీ డ్రైవ్ నుంచే ఎక్సెల్ ఫైళ్లు దిద్దేవాళ్లకు మాత్రం కంటెంట్ మేనేజర్ హోదా కావాలి.

ఎక్కించే ముందు మీ కనెక్షన్ అప్‌లోడ్ వేగం చూసుకోండి, డౌన్‌లోడ్ వేగం కాదు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 60 జీబీ ఎక్కడానికి కనీసం పదమూడు గంటలు పడుతుంది. రాత్రి కరెంటు పోయినా రౌటర్, కంప్యూటర్ ఆగకుండా రెండూ యూపీఎస్ మీద ఉండాలి.

టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ సింక్‌లో, అంటే డ్రైవ్‌లోకి దానంతటదే కాపీ అయ్యేలా, పెట్టొద్దు. టాలీ రాస్తున్న ఫైలునే డ్రైవ్ కూడా కాపీ చేయబోతే డేటా చెడిపోతుంది. టాలీని ఉన్నచోటే ఉంచి, రోజూ సాయంత్రం తీసిన బ్యాకప్‌ను మాత్రమే ఎక్కించండి.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పాత తెలుగు లెటర్లు గూగుల్ డాక్స్‌లో తెరిస్తే అర్థంకాని అక్షరాలు కనిపిస్తాయి, వెతికినా దొరకవు. వాటికి పీడీఎఫ్ తీసి, విషయం తెలిసేలా పేరు పెట్టి దాచండి.

4. మెయిల్ మళ్లించడం

డీఎన్‌ఎస్ అంటే డొమైన్ సెట్టింగుల పట్టిక, అందులో మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే లైను ఎంఎక్స్ రికార్డు. ఒకరోజు ముందే దాని టీటీఎల్‌ను (పాత వివరాన్ని ఇతర సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 3600 నుంచి 300కు తగ్గించండి. తర్వాత తేడా వస్తే తొందరగా సరిదిద్దుకోవచ్చు. గూగుల్ ఇచ్చిన టీఎక్స్‌టీ రికార్డును (ఒక అక్షరాల లైను) డీఎన్‌ఎస్‌లో పెట్టి డొమైన్ మీదేనని ధ్రువీకరించి, ముందుగానే ఖాతాలు, గ్రూపులు అన్నీ తయారు చేసుకోండి. శనివారం సాయంత్రం పాత ఎంఎక్స్ రికార్డులు తీసేసి గూగుల్‌ది పెట్టండి. పాతది ఒక్కటి మిగిలినా కొన్ని మెయిళ్లు అటే పోతాయి.

తర్వాత ఎస్‌పీఎఫ్, అంటే మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ లైను. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. పాతదాని పక్కన ఇంకోటి చేరిస్తే రెండూ పనిచేయవు, మీ ఇన్‌వాయిస్‌లు పార్టీల స్పామ్‌లో పడతాయి. ఏ లైనూ చేత్తో టైపు చేయకుండా గూగుల్ అడ్మిన్ పేజీ (ఆఫీసు ఖాతాలను నడిపే పేజీ) నుంచి కాపీ చేసి పెట్టండి. డీకేఐఎం కీ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ ముద్ర) జీమెయిల్ ఆన్ చేశాక 24 నుంచి 72 గంటలకు గానీ రాకపోవచ్చు. కంగారు పడక, బుధవారం మళ్లీ చూడండి.

5. పాత జీమెయిల్

పాత మెయిళ్లను అడ్మిన్ పేజీలోని డేటా మైగ్రేషన్‌తో తెచ్చుకోండి. జీఎస్టీ, ఇన్‌కమ్‌ట్యాక్స్, పీఎఫ్, బ్యాంకు, కరెంటు బిల్లు, ఇలా ఆ జీమెయిల్ ఇచ్చిన ప్రతిచోటూ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ మార్చండి. జీఎస్టీలో ఇది నాన్‌కోర్ సవరణ కింద ఆథరైజ్డ్ సిగ్నేటరీ వివరాల్లో ఉంటుంది. ఓటీపీలు ఇంకా పాతదానికే వస్తుంటాయి కాబట్టి దాన్ని మూసేయకుండా కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టండి. అప్పుడప్పుడూ లాగిన్ కూడా అవ్వాలి, రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు.

6. తాళాలు

అందరికీ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఇంకో ధ్రువీకరణ) తప్పనిసరి చేయండి. అన్ని ఖాతాల మీదా పూర్తి అధికారం ఉండే సూపర్ అడ్మిన్‌లు ఇద్దరుండాలి. ఫోన్ పోయినా లాగిన్ అవ్వడానికి పనికొచ్చే వాళ్ల బ్యాకప్ కోడ్‌లు పదీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. ఎవరైనా మానేస్తే ఆ రోజే పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్లలోంచీ సైన్ అవుట్ చేయండి. ఖాతా తీసేసేటప్పుడు వాళ్ల మై డ్రైవ్ ఫైళ్లను వేరొకరికి బదిలీ చేయండి. పొరపాటున తీసేసిన ఖాతా 20 రోజుల లోపైతే తిరిగి వస్తుంది, ఆ గడువు దాటితే రాదు.