ఒక్కరోజు కొండనడకకు సంచి సర్దుకోవడం ఎలా?

ఉదయం బయలుదేరి చీకటి పడకముందే తిరిగివచ్చే కొండనడకలకు వచ్చేవారి వీపుల మీద సాధారణంగా రెండు రకాల సంచులు కనిపిస్తాయి. ఒకదానిలో ఎందుకైనా మంచిదన్న భయంతో ఇంట్లోని సామాను సగం చేరి ఉంటుంది. మరొకదానిలో ఒక నీళ్ల సీసా, రెండు బిస్కెట్ పొట్లాలు తప్ప ఏమీ ఉండవు. దారిని లెక్క చూసుకోకుండా సంచిని ముందు పెట్టుకుని కూర్చోవడమే ఈ రెండు పొరపాట్లకూ మూలం. అనుకున్న వేళకు దిగిరాలేకపోతే ఆ తర్వాతి మూడు నాలుగు గంటలు ఎలా గడుస్తాయో ఊహించుకుని సర్దిన సంచే సరైన సంచి.

మొదట కాలం లెక్క

స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికివస్తుంది. దూరంలో ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ఎత్తులో ప్రతి 600 మీటర్లకు మరొక గంట చొప్పున కలుపుకోవాలి. 12 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కవలసి ఉంటే సుమారు మూడున్నర గంటలవుతుంది. అయితే ఇది ఆగకుండా, చురుగ్గా నడిచేవారి లెక్క కనుక, విశ్రాంతికీ భోజనానికీ దానిలో సగం అదనంగా కలిపి, ఐదు గంటలకు పైగా పడుతుందనే అనుకోవాలి. ఈ అంకె తేలనిదే సంచి తెరవకూడదు.

సంచి, తప్పనిసరి వస్తువులు

ఇరవై నుంచి ఇరవై ఐదు లీటర్ల సంచి చాలు. నడుముకు బిగించుకునే పట్టీ ఉండాలి. అంతకంటే పెద్దది కొంటే ఖాళీ కనిపించినంత మేరా ఏదో ఒకటి కుక్కుతారు.

వాన కోటు, ఒక వెచ్చని పొర, హెడ్‌ల్యాంపు, కాగితం మీది పటం, ఈల, చిన్న చాకు, లైటరు, గాయాలకు కట్టుగుడ్డ, ప్లాస్టర్లు, రోజూ వేసుకునే మందులు, మధ్యాహ్న భోజనం, దానికి తోడు ఒక పూట తిండి: వాతావరణం ఎంత బాగున్నా వీటిని తగ్గించకూడదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది కనుక, కింద చెమట పడుతున్నదని పైకి వెచ్చని పొర లేకుండా వెళ్లడం తెలివితక్కువ పని. ఆ పొర ఉన్నిదో, సింథటిక్‌దో అయి ఉండాలి. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం ఇవ్వదు, త్వరగా ఆరదు. ఫోనులోని టార్చిని దీపంగా లెక్కపెట్టకూడదు, ఎందుకంటే సాయం కోసం పిలవవలసిన ఫోనునే అది ఖాళీ చేస్తుంది. ఈల ఊదవలసి వస్తే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

నీళ్లు

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మిగతా వస్తువులు ఉన్నాయా, లేవా అన్నదే ప్రశ్న; నీటి విషయంలో మాత్రం ఎంత అన్నది ప్రశ్న, పైగా లీటరు నీళ్లంటే కిలో బరువు. బరువు తగ్గించుకోవాలనుకున్నవారి చెయ్యి ముందుగా నీళ్ల మీదికే పోతుంది.

ఒక మోస్తరు వాతావరణంలో గంటకు అర లీటరు చొప్పున లెక్కవేసుకోవాలి. ఎండలో నిటారుగా ఎక్కవలసి ఉంటే అది లీటరుకు చేరవచ్చు. ఐదు గంటల నడకకు రెండున్నర లీటర్లు, దాని మీద ముట్టుకోకుండా ఉంచే అర లీటరు. ఈ చివరి అర లీటరు వేరే సీసాలో ఉండాలి. పెద్ద సీసా అడుగున మిగుల్చుకుంటామనేవారు మిగుల్చుకోవడం నేను చూడలేదు.

నోటిదాకా గొట్టం ఉండే నీటి తిత్తులను చాలామంది మెచ్చుకుంటారు. నడుస్తూనే తాగవచ్చునన్నది నిజమే, కానీ సంచి లోపలున్న తిత్తిలో ఎన్ని నీళ్లు మిగిలాయో తాగేవారికి కనిపించదు. గొట్టంలో గాలి వచ్చినప్పుడే సంగతి తెలుస్తుంది. కనుక లీటరు సీసాలే తీసుకోవాలి.

సగం నీళ్లు అయిపోయాయంటే, శిఖరం కళ్లెదుటే ఉన్నా వెనుదిరగాలి. దిగేటప్పుడు అంత దాహం వేయదని వాదించేవారు, ఆ దిగడం మధ్యాహ్నపు ఎండలో, అలసిన కాళ్లతో జరుగుతుందని మరిచిపోతారు.

దారిలో వాగు ఉందన్న ధైర్యంతో నీళ్లు తగ్గించుకోవడం ఇంకొక ప్రమాదం. ఆ వాగు ఎండిపోయి ఉండవచ్చు. ఉన్నా తేటగా కనిపించే నీరంతా మంచినీరు కాదు. ఆ నీటిని ఒక నిమిషం పాటు, రెండు వేల మీటర్లకు పైన మూడు నిమిషాల పాటు, తెర్లించి తాగాలి. క్లోరిన్ బిళ్ల వేస్తే పొట్లం మీద రాసినంత సేపు, సాధారణంగా అరగంట, ఆగాలి. అయినా క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవికి ఆ బిళ్ల చాలదు. చేతి ఫిల్టర్లలో ఎక్కువ భాగం బాక్టీరియాను ఆపుతాయి కానీ వైరస్‌లను ఆపలేవు. వీటిలో ఏదో ఒకటి వెంట ఉండటం మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఇంటి నుంచి తెచ్చే నీళ్లను తగ్గించకూడదు.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. దాహం లేకపోయినా గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. అప్పుడు వచ్చే తలనొప్పి, వికారం, తికమక అచ్చం నీళ్లు చాలనప్పటి లక్షణాల్లాగే ఉంటాయి కనుక, పక్కనున్నవారు మరిన్ని నీళ్లు తాగించి పరిస్థితిని విషమింపజేస్తారు. అందుకే తిండిలో ఉప్పగా ఉండేది ఏదో ఒకటి ఉండాలి. ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లం మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. లీటరుకు ఉద్దేశించిన పొట్లాన్ని అర లీటరు సీసాలో గుమ్మరిస్తే అది మేలు చేయడం మాని కీడు చేస్తుంది.

సర్దడం, తూచడం

బరువైన సీసాలు వీపుకు ఆనుకుని, వాన కోటు అన్నిటికంటే పైన, దీపమూ ఈలా చేతికందే జేబులో ఉండాలి. నిండిన సంచి మీ బరువులో పదో వంతును మించితే కెమెరా కటకమో, కుర్చీయో, రెండో జత చెప్పులో తీసేయండి; నీళ్ల జోలికి పోకండి. అరవై కిలోల మనిషికి ఆ హద్దు ఆరు కిలోలు, అందులో మూడు కిలోలు నీళ్లే అవుతాయి. బయలుదేరే ముందు ఏ దారిన వెళుతున్నారో, ఏ వేళకు తిరిగి వస్తారో, ఆ వేళ దాటాక ఎంతసేపటికి ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారి చేతికివ్వండి.