రీడింగ్ కార్డు నిండుతోంది, చదువు మాత్రం సాగడం లేదా?

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చేత సొంతంగా కథలు చదివించడానికి పెట్టే ప్రోత్సాహక కార్యక్రమం చాలా సింపుల్. పిల్లలు నచ్చిన పుస్తకం ఇంటికి తీసుకెళ్తారు. రోజూ ఒక పావుగంట చదువుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు కార్డు మీద సంతకం పెడతారు. వారానికోసారి టీచర్ చూసి స్టార్ వేస్తారు, అన్ని స్టార్లూ నిండితే బహుమతి. అమెరికాలో పిజ్జా హట్ 1984 నుంచి నడుపుతున్న కార్యక్రమం కూడా ఈ పద్ధతే. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020లో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమం మొదలైంది. తిరుపతి, చిత్తూరు వైపు బడుల్లో ఇలాంటి కార్యక్రమం ఎక్కడ తడబడుతుందో, ఎలా సరిచేయాలో చూద్దాం.

సమస్య: సంతకాల గడి ఖాళీగా వస్తోంది

పిల్లాడు చదవలేదని వెంటనే అనుకోవద్దు. తిరుపతిలో ఎంతోమంది తల్లిదండ్రులు కొండ మీద దుకాణాల్లో, కింద లాడ్జీల్లో, హోటళ్ళలో షిఫ్టుల మీద పనిచేస్తారు. వాళ్ళు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. చిత్తూరు పల్లెల్లో మామిడి కోతల కాలమైతే చెప్పనే అక్కర్లేదు. కొందరికి సంతకం పెట్టడమే రాదు, కార్డు చూస్తేనే టెన్షన్.

సంతకం ఎవరిదైనా ఒప్పుకోండి. అక్క, అవ్వ, పక్కింటి ఆంటీ ఎవరు విన్నా సరే. చదువు రాని అవ్వ ఒక చుక్క పెట్టినా చాలు. అవ్వకు చదివి వినిపించే పిల్లలు గొంతెత్తి చదువుతారు, అర్థం కాకపోతే అవ్వ ఊరుకోదు కాబట్టి ఆగి మళ్ళీ చదువుతారు. వినేవాళ్ళెవరూ లేని పిల్లలకు ఉదయం ప్రార్థన అవ్వగానే బడిలోనే పావుగంట ఇవ్వండి.

సమస్య: అందరూ సన్న పుస్తకాలే లాక్కుంటున్నారు

కారణం మనం పెట్టిన లెక్కే. పుస్తకానికో స్టార్ అంటే ఎనిమిది పేజీల పుస్తకం కోసం కొట్లాట తప్పదు, పెద్ద పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది. పుస్తకాలు లెక్కపెట్టడం మానేసి, చదివిన రోజులు లెక్కపెట్టండి. వారం రోజులు ఒకే పుస్తకం చదివినా స్టార్ వస్తుందని పిల్లలకు గట్టిగా చెప్పండి.

సమస్య: కార్డు నిండింది, కథ అడిగితే నోరు మెదపరు

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. ఒక్కోసారి ఆదివారం రాత్రి ఒకే పెన్నుతో ఏడు గడులూ నింపేసి ఉంటారు. తిట్టకండి. పుస్తకం తెరిచి, ఏదో ఒక పేజీ మీ పక్కన కూర్చుని చదవమనండి. ‘చెట్టు’ను ‘చెటు’ అని, ‘పుస్తకం’ను ‘పుసకం’ అని చదువుతున్నారంటే ఒత్తుల దగ్గర ఆగిపోయినట్టు. నాలుగో తరగతిలో ఉన్నారని ఇచ్చిన పుస్తకం వాళ్ళకు బరువైంది, చెప్పుకోవడానికి సిగ్గుపడి గడులు నింపారు. పేజీలో తడబడిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవమనండి, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకటి నుంచి నాలుగు స్థాయిలుగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. మొదటి స్థాయి కథతో మొదలుపెట్టి, మీరో వాక్యం, తనో వాక్యం చదవండి.

నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు ఒత్తులు వచ్చినా మాట అర్థం కాకపోవచ్చు. ముందు కథను తమిళంలో చెప్పించుకోండి, తర్వాత తెలుగులో చదివించండి. స్టోరీవీవర్‌లో చాలా కథలు రెండు భాషల్లోనూ ఉన్నాయి.

సమస్య: బహుమతులు ఆపగానే చదవడం ఆగింది

లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రతి టీచరూ తెలుసుకోవాలి. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, మిగిలినవాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలే తీరికవేళ తక్కువ బొమ్మలు గీశారు. ఇష్టమైన పని వాళ్ళకు సర్టిఫికెట్ కోసం చేసే పని అయిపోయింది.

అలాగని స్టార్లు తీసేయక్కర్లేదు. చదవడం అంటేనే భయపడే పిల్లలకు మొదట్లో అవి బాగా పనికొస్తాయి. కానీ చాక్లెట్లు, జామెట్రీ బాక్సులు వద్దు. కొత్తగా వచ్చిన పుస్తకాన్ని అందరికంటే ముందు తీసుకెళ్ళే అవకాశం ఇవ్వండి, చిన్న తరగతి పిల్లలకు కథ చదివి వినిపించమనండి. ఎవరికెన్ని స్టార్లో గోడ మీద పట్టిక మాత్రం వేయకండి. వెనకబడిన పిల్లలు రోజూ దాన్ని చూస్తూ కూర్చోవాలి.

సమస్య: పుస్తకాలు బీరువా దాటవు

చిరిగితే, పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఏం రాయాలన్న భయం. హెడ్మాస్టర్‌తో ముందే మాట్లాడి, చిరిగినవి, పోయినవి రాయడానికి రిజిస్టర్‌లో ఒక పేజీ కేటాయించండి. తరగతి గదిలో దండెం కట్టి, పుస్తకాలు అట్ట కనిపించేలా వేలాడదీయండి. ఇచ్చిపుచ్చుకునే లెక్క ఐదో తరగతి పిల్లలకు అప్పగించండి, చక్కగా రాస్తారు. వేసవి సెలవులకు ముందు ఒక్కొక్కరికి రెండు మూడు పుస్తకాలిచ్చి పంపండి. బడి తెరిచాక కొన్ని తిరిగి రావు. వాటికి పిల్లల దగ్గర డబ్బులు అడగొద్దు, అడిగితే మళ్ళీ ఎవరూ పుస్తకం ముట్టుకోరు.