పిల్లల బొమ్మలు, మన గోడలు – పాఠం 3: పెద్ద కాగితంలో దాక్కున్న చిన్న బొమ్మ

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఒకే రంగు, ఒకే బ్రష్, ఒక కాగితం. పది నిమిషాలు పిల్లలు పూసుకుంటుంటే మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోవాలి. చేసి చూసినవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది, పిల్లలకి అందులో కష్టమేమీ లేదు, కష్టమంతా మనదే. "అక్కడ కొంచెం ఖాళీ ఉంది చూడు" అన్న మాట మూడో నిమిషంలోనే నాలుక చివరికి వచ్చేస్తుంది. వస్తే పరవాలేదు, మింగేయండి.

ఈసారి మన చేతులకీ పని ఉంది. అయితే అదంతా పిల్ల బ్రష్ పట్టకముందు కొంత, బ్రష్ వదిలేశాక కొంత. మధ్యలో ఉన్న ఆ పావుగంట మాత్రం పూర్తిగా పిల్లదే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు వేసింది గోడ మీద అందంగా నిలబడాలంటే ఈ హద్దు దాటకూడదని నా నమ్మకం. పెద్దవాళ్లు ముక్కూ కళ్లూ దిద్దిన బొమ్మ ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని పిల్లల బొమ్మా అనలేం, పెద్దల బొమ్మా అనలేం.

ముందు చేయాల్సినవి

కాగితం మందంగా ఉండాలి. ప్రింటర్‌లో వాడే కాగితం సుమారు 80 జీఎస్ఎం (ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) ఉంటుంది, తడి తగలగానే అలలు అలలుగా లేచిపోతుంది. 200 జీఎస్ఎం గానీ అంతకంటే మందం గానీ ఉన్న డ్రాయింగ్ షీట్ తీసుకోండి. సైజు ఏ3 కంటే తగ్గొద్దు, అంటే 42 సెంటీమీటర్ల పొడవు, 29.7 వెడల్పు. చిన్నపిల్లలు భుజం నుంచి చెయ్యి ఊపుతూ వేస్తారు, వేళ్లతో కాదు. చిన్న కాగితం ఇస్తే సగం బొమ్మ బల్ల మీదే పడుతుంది.

ఆ కాగితాన్ని ఒక గట్టి అట్టకి మాస్కింగ్ టేప్‌తో నాలుగు అంచులా అంటించండి. టేప్ కాగితం మీదకి రెండు సెంటీమీటర్లు రావాలి. దీనితో రెండు లాభాలు: కాగితం జరగదు, ఎక్కువ వంకర పోదు. బొమ్మ ఆరాక టేప్ తీస్తే చుట్టూ తెల్లటి అంచు శుభ్రంగా వస్తుంది. ఆ అంచు చేసే మాయ మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు. అప్పటిదాకా పిచ్చిగీతల్లా ఉన్నది హఠాత్తుగా బొమ్మ అయి కూర్చుంటుంది. టేప్ జిగురు మరీ గట్టిగా ఉంటే తీసేటప్పుడు కాగితం పొర లేచిపోతుంది. అందుకని అంటించే ముందు టేప్‌ని ఒకసారి మీ చొక్కాకి అద్ది తీయండి, జిగురు పదును తగ్గుతుంది.

ఇలాంటి అట్టలు ఒకటి కాదు, మూడు సిద్ధం చేసి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక రంగులు. బొమ్మ బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

పన్నెండు సీసాల పోస్టర్ కలర్స్ మొత్తం ముందు పెడితే ఏమవుతుందో మీకూ తెలుసు. ఐదు నిమిషాల్లో కాగితమంతా బురద. అది పిల్లల తప్పు కాదు. ఎరుపుకి ఆకుపచ్చ, పసుపుకి ఊదా, నీలానికి నారింజ కలిపితే ఎవరు కలిపినా గోధుమరంగు, బూడిదరంగు మధ్య ఏదో ఒకటి వస్తుంది. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకేచోట చేరినా అంతే. పిల్లలు అన్నీ కలుపుతారు, కలపడమే వాళ్ల సరదా. కలపొద్దని చెప్పే బదులు, ఎంత కలిపినా చెడని రంగులు ఇస్తే గొడవే లేదు.

అందుకే ఒక పూటకి మూడే రంగులు, అందులో ఒకటి తెలుపు.

ఎరుపు, పసుపు, తెలుపు ఇచ్చారనుకోండి. కలిసిన ప్రతిచోటా నారింజ, గులాబీ, లేత కాషాయం వస్తాయి. పసుపు, నీలం, తెలుపు అయితే చిగురాకు నుంచి ముదురు ఆకు దాకా పచ్చలన్నీ వస్తాయి. నీలం, ఎరుపు, తెలుపు జత కొంచెం మొండిది. ఎరుపు నారింజ వైపు మొగ్గేదైతే ఊదా సరిగా రాదు, మట్టి రంగులా వస్తుంది. క్రిమ్సన్ లాంటి గులాబీ వైపు మొగ్గే ఎరుపు వాడండి. తెలుపు మాత్రం మిగతావాటికి రెండింతలు పోయండి, ముందు అయిపోయేది అదే.

ఏ జత అన్నది గోడని చూసి మీరు నిర్ణయించుకోవచ్చు. హాల్లో సోఫా నీలం, కర్టెన్లు లేత పచ్చ అయితే రెండో జత ఇవ్వండి. వచ్చిన బొమ్మ ఏదైనా ఆ గదిలో ఒదిగిపోతుంది. పిల్లకి మీరు చెప్పింది ఏమీ లేదు, గది మాత్రం కుదిరింది. ఇది మోసమేమో అని మొదట్లో నాకూ అనిపించింది. కానీ కథ చెప్పమని అడిగే ముందు ఏ భాషలో చెప్పాలో మనమే కదా ఇచ్చింది. ఇదీ అంతే అనుకుని సర్దుకున్నాను.

నలుపే కావాలని పేచీ పెడితే? ఇవ్వండి, కానీ చివర్లో. మొదటి పొర పూర్తిగా ఆరాక, సన్నటి బ్రష్‌తో, ఒక మూత నిండా మాత్రమే. తడి మీద నలుపు పడితే అన్నిటినీ మింగేస్తుంది. ఆరిన రంగుల మీద పడితే గీత గీతగా నిలబడి బొమ్మకి ఎముకలు ఇస్తుంది. పోస్టర్ కలర్ ఆరాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది, కాబట్టి ఈ రెండో పొరకి బ్రష్‌లో నీళ్లు తక్కువ ఉండేలా మీరే పిండి ఇవ్వండి. అక్రిలిక్ రంగులకి ఈ బెడద లేదు, ఆరితే ఇక కరగవు. అదే గుణం బట్టల మీద కూడా చూపిస్తాయి. అందుకే ఆరేళ్లలోపు పిల్లలకి నేను అవి ఇవ్వను.

ఎక్కడ ఆపాలి

ప్రతి పిల్లల బొమ్మకీ ఒక క్షణం ఉంటుంది, అప్పుడు అది బ్రహ్మాండంగా ఉంటుంది. మరో రెండు నిమిషాలకి ఉండదు. ఆ క్షణాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి.

మొహం కాదు, చెయ్యి చూడండి. బాగా సాగుతున్నంతసేపూ బ్రష్ వెళ్తుంది, ఆగుతుంది, ఎత్తుతారు, మళ్లీ ఇంకోచోట పెడతారు. ఒక దశలో ఆ ఎత్తడం మానేస్తారు. బ్రష్ గిన్నె తోముతున్నట్టు ఒకేచోట రుద్దుతుంది. కళ్లు కిటికీ వైపు పోతాయి. రంగుల మధ్య అంచులు చెరిగిపోవడం మొదలవుతుంది. అదే గుర్తు.

అయితే లాక్కోకూడదు. "చాలమ్మా, ఇంక పాడైపోతుంది" అనకూడదు కూడా. ఆ ఒక్క మాటతో ఇప్పటిదాకా వేసినదానికి మంచీ చెడూ ఉన్నాయని, అది తేల్చేది మనమేనని చెప్పేసినట్టే. అందుకే మూడు అట్టలు సిద్ధం చేయమన్నది. రెండోది పక్కన పెట్టి "ఇదిగో, ఇంకోటి" అనండి చాలు. పదిసార్లలో తొమ్మిదిసార్లు పిల్ల దాని మీదకి దూకుతుంది, మొదటిదాన్ని మీరు మెల్లగా పక్కకి తీస్తారు. పదోసారి దూకదు, పాతదాన్నే రుద్దుతుంది. రుద్దనివ్వండి. ఆ రోజు మనకి బొమ్మ దక్కలేదు, అంతే.

ఆరడానికి బల్లపరుపుగా పెట్టండి. గోడకి ఆనిస్తే రంగు కారిపోతుంది. ఫ్యాన్ కింద రెండు గంటలు ఉంచి, మందంగా రంగు పడ్డచోట వేలి వెనకభాగంతో తాకి చూడండి. చల్లగా అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక టేప్‌ని బొమ్మ నుంచి బయటి వైపుకి మడుస్తూ నిదానంగా లాగండి. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చూపిస్తే జిగురు వదులుతుంది.

కిటికీతో వెతకడం

ఇప్పుడు అసలు పాఠం. ఏ3 కాగితం మొత్తం బాగుండడం అరుదు. కానీ ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒక జానెడు చోటు అద్భుతంగా ఉంటుంది. దాన్ని వెతకాలి.

తెల్లటి అట్టలోంచి ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించండి. ఒక్కో చెయ్యి 30 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు. ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద పెడితే మధ్యలో కిటికీ వస్తుంది. రెంటినీ దగ్గరికి జరిపితే చిన్నదవుతుంది, దూరం జరిపితే పెద్దదవుతుంది. ఈ కిటికీని బొమ్మ మీద తిప్పుతూ పోవాలి. మధ్యమధ్య కళ్లు సగం మూసి చూడండి, వివరాలు మసకబారి వెలుగు నీడలే మిగులుతాయి.

ఏం వెతకాలి? నేను చూసేవి ఇవి: ఒకవైపు హడావిడి, ఒకవైపు ఖాళీ ఉండాలి. కనీసం ఒక గీతైనా అంచు దాటి బయటికి పోతుండాలి, అప్పుడు బొమ్మ ఇంకా పెద్దదన్నట్టు ఉంటుంది. సరిగ్గా నట్టనడుమ ఒకే చుక్క ఉన్న చోటు వదిలేస్తాను, అది బొమ్మలా కాకుండా గుర్తులా కనిపిస్తుంది. ఇవి నా ఇష్టాలు. కాసేపయ్యాక కిటికీని పిల్ల చేతికివ్వండి. మా నాలుగేళ్లది ఎప్పుడూ నేను పారేద్దామనుకున్న మూలనే పట్టుకుంటుంది. విచిత్రమేమిటంటే గోడ ఎక్కాక అదే బాగుంటుంది.

ఇలా ముక్క చేయడం తప్పేమో అని సంకోచించకండి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన చిత్రకారుడు పాల్ క్లే పూర్తయిన తన బొమ్మల్ని కత్తెరతో కోసి, ఆ ముక్కల్ని విడివిడి బొమ్మలుగా నిలబెట్టేవాడు. కాగితం మీద వేసినవాటిని అట్టకి అంటించి, కింద పేరు, సంవత్సరం, వరస సంఖ్య రాసేవాడు. 1911లో తన పనులన్నిటికీ ఒక జాబితా రాయడం మొదలుపెట్టినప్పుడు, చిన్నప్పుడు వేసిన బొమ్మల్లో కొన్నిటిని కూడా అందులో చేర్చుకున్నాడు. ఆ పేరూ సంవత్సరమూ రాసే అలవాటు మనమూ తెచ్చుకుందాం.

కానీ క్లే కోసుకున్నది తన బొమ్మల్ని. మనం కోస్తున్నది ఇంకొకరి బొమ్మని. ఈ తేడా నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకసారి పాప నిద్రపోయాక, పసుపూ పచ్చా బాగా కలిసిన నడిమి భాగం చూసుకుని, ముచ్చటగా చదరంగా కోసి పెట్టాను. పొద్దున్నే చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

"నాన్నా, అమ్మమ్మ ఏది?"

"అమ్మమ్మ ఎక్కడుందమ్మా ఇందులో?"

"ఇక్కడే నిలబడింది కదా!" అని కోసిన అంచుకి అవతల గాలిలో వేలు పెట్టి చూపించింది.

చెత్తబుట్టలో వెతికితే దొరికింది. ఒక నిలువు గీత, దాని పైన ఒక ఉండ. నా కంటికి అది కారిన రంగు.

అప్పటి నుంచి మా ఇంట్లో కత్తెరకి ముందు రెండు పనులు. ఒకటి, బొమ్మని కిటికీ వెలుతురులో నేల మీద పెట్టి, ఫోన్‌ని సరిగ్గా పైనుంచి పట్టుకుని మొత్తం ఫోటో తీయడం. రెండోది, "దీని గురించి చెప్పు" అని అడగడం. "ఇదేంటి?" అని అడగకండి, ఏమీ అనుకోకుండా వేసిన పిల్ల కూడా కంగారుపడి ఏదో ఒక పేరు పెట్టేస్తుంది. మూడు నాలుగేళ్ల వయసులో గీసేశాక పేరు పెట్టడం, ఆ పేరు మర్నాటికి మారిపోవడం మామూలే. చెప్పింది చెప్పినట్టు వెనకవైపు పెన్సిల్‌తో రాయండి, తేదీ, వయసుతో సహా. స్కెచ్ పెన్ అయితే ఇవతలికి ఇంకుతుంది. కథలో మనిషి గానీ జంతువు గానీ ఉంటే ఆ కాగితాన్ని కోయను, మొత్తంగానే ఫ్రేము కట్టిస్తాను. లేకపోతే "ఈ ముక్క గోడకి పెడదామా?" అని కిటికీ పెట్టి చూపిస్తాను. వద్దంటే వద్దు.

కోయడం పూర్తిగా పెద్దల పని. మూలల దగ్గర పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టుకుని, స్టీలు స్కేలుని మనకి కావలసిన ముక్క మీద ఉంచండి. కట్టర్ జారినా పారేసే వైపుకే జారుతుంది. ఒకేసారి నొక్కి కోయకుండా మూడుసార్లు తేలిగ్గా గీయండి, అంచు నీటుగా వస్తుంది.

ముక్క వంకరగా ఉంటే శుభ్రమైన బటర్ పేపర్ మీద బోర్లించి, వెనకవైపు బాగా పిండిన గుడ్డతో ఒక్కసారి అద్దండి. దాని మీద తెల్లకాగితం, ఆపైన బరువైన పుస్తకాలు. రాత్రంతా ఉంచితే చదునవుతుంది. తడి ఎక్కువైతే రంగు బటర్ పేపర్‌కి అంటుకుంటుంది, జాగ్రత్త.

ఈ వారం పని

రెండు పూటలు, ఒక్కో పూటకి ఒక్కో రంగుల జత. ఆరిన కాగితాల్లోంచి కిటికీతో 12 సెంటీమీటర్ల చదరాలు మూడు ఎంచండి: ఒకటి మీరు, ఒకటి పిల్ల, మూడోది ఇద్దరూ పేచీ పెట్టుకుని. ఇప్పుడే ఫ్రేములు కొనకండి. మాస్కింగ్ టేప్ చిన్న ముక్కలతో ఆ మూడింటినీ పిల్ల కంటి ఎత్తులో గోడకి అంటించి వారం రోజులు వదిలేయండి. సూటిగా ఎండ పడే గోడ వద్దు, రంగు వెలిసిపోతుంది. వారంలో పిల్ల వాటి దగ్గర ఎన్నిసార్లు ఆగింది, ఎవరికి చూపించింది, ఏది పీకేసింది, ఒక కాగితం మీద రాసుకోండి.

నాలుగో పాఠంలో మౌంటు, ఫ్రేము, ఎంత ఎత్తులో మేకు కొట్టాలి అన్నవి చూద్దాం. అప్పటికి ఆ కాగితం, పీకేసిన ముక్కతో సహా మూడు చదరాలూ దగ్గర పెట్టుకోండి.